ఏటీవీ వెనక యాక్సిల్ బేరింగులు నాలుగు నెలలకే పోతున్నాయి, మార్చేటప్పుడు ఏటి చూసుకోవాలి?

ఉద్దానం_తోట (సోంపేట)

అందరికీ నమస్కారం. బండి 200 సీసీ చైనా తయారీ ఏటీవీ, అంటే ఇసకలో, బురదలో తిరిగే నాలుగు చక్రాల బండి. వెనక చైను డ్రైవ్, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే యాక్సిల్. ఎడమ వైపు స్ప్రాకెట్, కుడి వైపు డిస్క్ బ్రేకు, డిస్క్ పక్కనే రెండు పెద్ద నట్లు. మధ్యలో అల్యూమినియం హౌసింగ్, దానిలో రెండు బేరింగులు. కొబ్బరి తోటలో చిన్న తొట్టి తగిలించి కాయలు లాగడానికి వాడుతున్నాం. అంతా ఇసక నేలే, వానాకాలం తోట కాలవల్లో నీళ్లలోంచి కూడా దిగి వెళ్లాలి.

సమస్య ఇది. కుడి వెనక చక్రం పట్టుకుని ఊపితే బాగా ఆడుతోంది. మలుపులో డిస్క్ క్యాలిపర్‌కి రాసుకుని కీచుమంటోంది. చైను ఒక చోట బిగుతు, అర చుట్టు తిరిగాక వదులు. నాలుగు నెలల క్రితమే రెండు బేరింగులూ ఒక షెడ్డులో మార్పించాం, అప్పుడూ ఇవే లక్షణాలు. బేరింగు మీద 6007-2ఆర్‌ఎస్ అని ఉంది. ఈసారి ఇంటి దగ్గరే విప్పి చేద్దామని ఉంది. జాకీ, పానాల సెట్టు, సుత్తి, గ్యాస్ టార్చ్, వెర్నియర్ ఉన్నాయి. ప్రెస్సు లేదు.

ఖరీదైన బేరింగు వేస్తే సరిపోతుందా, లేక తప్పు ఇంకెక్కడైనా ఉందా? విప్పే క్రమం కూడా చెప్పగలరు.

లేత్‌బెంచ్ (విజయనగరం)

తమ్ముడూ, కొత్త బేరింగు కొనే ముందు పాతది ఎందుకు పోయిందో దాన్నే అడగాలి. 6007 అంత తేలిగ్గా పోయే బేరింగు కాదు. నాలుగు నెలలకే పోయిందంటే నీళ్లైనా చేరుండాలి, బిగింపులో తప్పైనా జరిగుండాలి. ఆ కారణం అలాగే ఉంటే ఎంత మంచి కంపెనీది వేసినా మళ్లీ నాలుగు నెలలే.

ముందు ఆ ఆట, అంటే వదులు, ఎక్కడుందో తేల్చు. ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టి, వెనక ఫ్రేము కింద దుంగ పెట్టి రెండు చక్రాలూ గాలిలోకి లేపు. ఒకరు చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఇంకొకరు హౌసింగ్ అంచు, యాక్సిల్ కలిసేచోట బొటనవేలు ఆనించి ఉంచాలి. చక్రం కదిలినా వేలి దగ్గర యాక్సిల్ కదలకపోతే ఆట హబ్ పళ్లలో, అంటే చక్రం బిగించే హబ్ యాక్సిల్ మీద కూర్చునే చోట ఉంది. అప్పుడు బేరింగుల జోలికి పోనక్కర్లేదు, హబ్ నట్టు, హబ్ పళ్లు చూడాలి. వేలి కింద యాక్సిల్ కదిలితే బేరింగే. హౌసింగే కదిలితే దాన్ని స్వింగ్ ఆర్మ్‌కి (వెనక యాక్సిల్‌ని మోస్తూ పైకీ కిందికీ ఊగే చట్రం) పట్టి ఉంచే బోల్టులు వదులయ్యాయి. మొత్తం స్వింగ్ ఆర్మ్ పక్కకి ఊగితే ముందు వైపు పివట్ బుష్‌లు. ఈ నాలుగింటికీ బయట కనిపించే లక్షణం ఒక్కటే, చక్రం ఊగడం. అందుకే చాలా బళ్లకి అవసరం లేని బేరింగులు మారుస్తుంటారు.

బేరింగేనని తేలితే, విప్పాక పాతది పారేయొద్దు. రబ్బరు మూత పీకి, కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో చూడు. ఎర్రటి బురదలాంటి తుప్పు, గ్రీజు పాలలా తెల్లబడటం కనిపిస్తే నీళ్లు వెళ్లాయి, తప్పు యాక్సిల్ చుట్టూ నీళ్లని ఆపే రబ్బరు సీలుది. లోపలి రింగు బోరులో, అంటే యాక్సిల్ కూర్చునే చోట, గోధుమరంగు పొడి, నున్నటి మెరుపు ఉంటే ఆ రింగు యాక్సిల్ మీద జారి తిరుగుతోంది. బయటి రింగు వీపు అద్దంలా మెరిస్తే హౌసింగ్ బోరు వదులు. బంతులు నడిచే గాడిలో సమాన దూరాల్లో చిన్న చిన్న గుంటలుంటే బిగించేటప్పుడు లోపలి రింగు మీద సుత్తితో కొట్టారు. నీలం, ఊదా రంగు తిరిగితే వేడికి మాడింది.

అసలు చూడాల్సింది బంతుల దారి. బయటి రింగు గాడిలో బంతి నడిచిన మచ్చ సరిగ్గా మధ్యలో ఉండాలి. రెండు బేరింగుల మధ్య యాక్సిల్ మీద ఉండే గొట్టం స్పేసర్. రెండు బేరింగుల్లోనూ ఆ మచ్చ స్పేసర్ వైపు అంచుకి జరిగి ఉంటే, స్పేసర్ పొట్టిదన్నట్టు. నట్లు బిగించిన కొద్దీ లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి లాగబడుతున్నాయి. బయటి రింగులు హౌసింగ్ బోరు లోపలి మెట్టుకి ఆని ఆగిపోయాయి. మధ్యలో బంతులు నలిగి చస్తాయి. విప్పకముందే దీన్ని పట్టుకునే పరీక్ష ఒకటుంది: ఇప్పుడు యాక్సిల్ చేత్తో తిప్పి చూడు, తర్వాత ఆ పెద్ద నట్లు వదులు చేసి మళ్లీ తిప్పు. వదులు చేశాక తేలిగ్గా తిరిగితే అనుమానం స్పేసర్ మీదే.

ఇవి చూసి ఫలితం రాయి, తర్వాత బిగింపు సంగతి చెప్తాను.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

ఈలోపు కొనాల్సిన సామాను గురించి నాలుగు ముక్కలు.

6007 అంటే లోపల 35, బయట 62, మందం 14 మిల్లీమీటర్లు. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. అది దుమ్మునైతే కొంత ఆపుతుంది కానీ నీటిని ఆపలేదు, కాలవలో దిగే బండికి వేయకండి. చివర సీ3 అని ఉంటే లోపలి క్లియరెన్స్, అంటే బంతులకీ రింగులకీ మధ్య ఖాళీ, మామూలు కన్నా కాస్త ఎక్కువ. హౌసింగ్‌లో బిగుతుగా దిగే బేరింగుకి సీ3 నయం, ఎందుకంటే నొక్కాక ఆ క్లియరెన్స్ కొంత తగ్గుతుంది. దొరక్కపోతే మామూలుదీ నడుస్తుంది.

ఏటీవీ బేరింగు కిట్టు అని అడిగితే ఇక్కడ ఎవరి దగ్గరా ఉండదు, ఆన్‌లైన్‌లో పెడితే వారం. నెంబరు చెప్పి మామూలు బేరింగు షాపులో అడగండి. మోటార్లు, పంపుల నిండా ఈ సైజులే. ఎన్‌బీసీ, ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ ఏదైనా పర్లేదు, అసలైనది అయితే చాలు. రింగు మీది అక్షరాలు గోటితో గీస్తే చెరిగిపోవడం, డబ్బా మీద ఉన్న నెంబరూ బేరింగు మీద ఉన్న నెంబరూ వేరుగా ఉండటం, పక్క షాపు ధరలో సగానికే ఇవ్వడం, వీటిలో ఏది కనిపించినా వదిలేయండి.

ఆయిల్ సీళ్లకి మూడు కొలతలు కావాలి: యాక్సిల్ మందం, హౌసింగ్ బోరు, సీలు మందం. పాత సీలు మీద ఆ మూడూ వరసగా అచ్చయి ఉంటాయి. వీలైతే రెండు పెదవులున్న సీలు అడగండి, బయటి పెదవి దుమ్ము కోసమే. మొత్తం జాబితా: బేరింగులు 2, సీళ్లు 2, హౌసింగ్ మీద ఓ-రింగులుంటే అవి 2, హబ్‌లకి స్ప్లిట్ పిన్నులు 2, థ్రెడ్ లాకర్ (నట్టు వదలకుండా మరల్ని పట్టి ఉంచే జిగురు) చిన్న సీసా, గ్రీజు వంద గ్రాములు. సీళ్లు పాతవే బాగున్నాయి కదా అని తిరిగి వేయొద్దు. బేరింగు ఆయుష్షు సీలు చేతిలో ఉంది.

ఉద్దానం_తోట

లేత్‌బెంచ్ అన్నా, మీరన్నట్టే చూశాం. హబ్ పళ్లలో ఆట లేదు, వేలి దగ్గర యాక్సిలే కదులుతోంది. నట్లు వదులు చేస్తే తేలిగ్గా తిరిగింది! బిగిస్తే బరువుగా, లోపల ఇసక నలుగుతున్నట్టు.

పాత బేరింగులు కోసి చూస్తే రెండింటిలోనూ మచ్చ లోపలి వైపు అంచుకే ఉంది. కుడి దానిలో తుప్పు కూడా ఉంది, ఆ వైపు సీలు పెదవి ఒకచోట మడత పడింది. స్పేసర్ ఒక చివర పుట్టగొడుగులా పరుచుకుంది. వెర్నియర్‌తో స్పేసర్ 91.3, హౌసింగ్‌లో మెట్టు నుంచి మెట్టుకి 92.0 వచ్చింది. కుడి బేరింగు కూర్చునే చోట యాక్సిల్ కాస్త అరిగినట్టుంది, గోరు పెడితే సన్నని మెట్టు తగులుతోంది.

లేత్‌బెంచ్

దొరికింది. 0.7 మిల్లీమీటర్లు అంటే బేరింగుకి చాలా ఎక్కువ. దాని లోపల ఉండే ఆట మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. చివర పరుచుకుందంటే ఎవరో స్పేసర్ మీదే రాడ్డు పెట్టి కొట్టి బేరింగు తీశారు. దానితో అది పొట్టిదైంది.

లేత్ షాపులో కొత్త స్పేసర్ చేయించు. ఈఎన్8 రకం ఉక్కు రాడ్డు గానీ, అతుకు లేని మందపాటి పైపు గానీ చాలు. బోరు 35.3 దాకా ఉండొచ్చు, యాక్సిల్ మీద చేత్తో జారాలి. బయట 42 మిల్లీమీటర్లు. అంతకన్నా లావైతే బేరింగు రబ్బరు మూతకి రాసుకుంటుంది, 40 కన్నా సన్నమైతే లోపలి రింగుకి సరిగా ఆనదు. పొడవు మెట్ల మధ్య దూరం కన్నా 0.1 ఎక్కువ, అంటే 92.1. రెండు ముఖాలూ సమాంతరంగా ఉండటం పొడవు కన్నా ముఖ్యం. కోసి, ఆకురాయితో రాసి ఇస్తానంటే ఒప్పుకోవద్దు, లేత్ మీద ఫేసింగ్ చేయాలి. పొడవు కొలవడానికి మైక్రోమీటర్ ఉన్న షాపుకే వెళ్లు. హౌసింగ్ కూడా వెంట తీసుకెళ్లి మెట్ల దూరం వాళ్ల చేత మరోసారి కొలిపించు, డెప్త్ రాడ్డుతో కొలిచినప్పుడు కాస్త వంగినా 0.2 తేడా వచ్చేస్తుంది.

నువ్వు ఇప్పటికే విప్పావు కానీ, తర్వాత చదివేవాళ్ల కోసం క్రమం మొదటి నుంచీ రాస్తున్నాను.

చక్రం నట్లు, హబ్ మధ్య నట్టు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. స్ప్లిట్ పిన్ ముందు తీయడం మరిచిపోవద్దు. తర్వాత బండి లేపి చక్రాలు, కుడి హబ్ తీయాలి. హబ్ పళ్ల దగ్గర తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి, పుల్లర్‌తో లాగాలి. హబ్ అంచు మీద సుత్తితో కొడితే అంచు వంగుతుంది, ఆ తర్వాత చక్రం జన్మలో తిన్నగా తిరగదు. క్యాలిపర్ విప్పి తీగతో ఫ్రేముకి కట్టాలి, గొట్టం మీద వేలాడకూడదు.

పెద్ద నట్లు రెండూ థ్రెడ్ లాకర్‌తో పట్టి ఉంటాయి. ఎర్ర రకం వేసి ఉంటే చల్లగా విప్పడం కుదరదు, నట్టుని 250 డిగ్రీల దాకా వేడి చేస్తేనే మెత్తబడుతుంది. టార్చ్ మంట నట్టు మీదే తిప్పుతూ రెండు మూడు నిమిషాలు ఉంచి, వేడి మీదే పానా వేయాలి. బ్రేకు గొట్టం, చైను పక్కకి జరపాలి. తోటలో చేస్తుంటే ఎండు మట్టలు, కొబ్బరి పీచు దగ్గర లేకుండా చూసుకుని బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకోండి. బయటి నట్టు ముందు, లోపలిది తర్వాత. డిస్క్ హబ్ లాగేశాక ఒక నట్టుని యాక్సిల్ చివరకి సమంగా ఉండేలా తిరిగి ఎక్కించి, దాని మీద చెక్క దిమ్మ పెట్టి ఎడమ వైపుకి కొట్టాలి. నట్టు లేకుండా కొడితే మొదటి మర నలిగిపోతుంది. చైను వదులు చేసి స్ప్రాకెట్ మీంచి తప్పించాక యాక్సిల్ స్ప్రాకెట్‌తో సహా ఎడమకి బయటికి వస్తుంది.

బోల్టులు తీసి హౌసింగ్‌ని బల్ల మీదకి తెచ్చుకుంటే పని సుఖం. సీళ్లు పీకేశాక ఒక వైపు బోరులో సర్క్లిప్ (బేరింగు బయటికి రాకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉందేమో శుభ్రంగా తుడిచి చూడాలి. మట్టిలో కూరుకుపోయి కనిపించదు. అది ఉండగా బేరింగు కొడితే అల్యూమినియం గాడి పగులుతుంది, హౌసింగే మార్చాల్సి వస్తుంది. తర్వాత హౌసింగ్‌ని మరిగే నీళ్ల గిన్నెలో పావుగంట ఉంచాలి. లోపలి స్పేసర్‌ని స్క్రూడ్రైవర్‌తో ఒక పక్కకి జరిపితే అవతలి బేరింగు లోపలి రింగు అంచు నెలవంకలా కనిపిస్తుంది. అక్కడ ఇత్తడి రాడ్డు పెట్టి ఒక దెబ్బ ఇక్కడ, ఒక దెబ్బ ఎదురుగా కొడుతూ దించాలి. స్పేసర్ మీద మాత్రం దెబ్బ పడకూడదు, మీ బండికి జరిగింది అదే. స్పేసర్ పక్కకి జరగనంత బిగుతుగా ఉంటే ఇంటర్నల్ పుల్లర్ తప్ప దారి లేదు.

ఇక ఎక్కించడం. ప్రెస్సు లేకపోయినా ఇబ్బంది లేదు, వేడీ చలీ ఆ పని చేస్తాయి. బేరింగుల్ని ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టు. హౌసింగ్ బోరు శుభ్రం చేసి, తేమ లేకుండా ఆరబెట్టి, పాత అట్లపెనం మీద సన్నని మంటతో వేడి చేయి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి, అంత చాలు. 62 మిల్లీమీటర్ల అల్యూమినియం బోరు 30 నుంచి 100 డిగ్రీలకి వెళ్తే సుమారు 0.10 పెరుగుతుంది, ఫ్రీజర్‌లో బేరింగు 0.03 దాకా తగ్గుతుంది. ఆ తేడాతో బేరింగు చేత్తో వేస్తేనే టక్కున దిగి కూర్చుంటుంది. వంకరగా దిగితే సుత్తి తీయొద్దు, బయటికి తీసి మళ్లీ వేడి చేయి. కొద్దిగా కొట్టాల్సి వస్తే పాత బేరింగు బయటి రింగుని అడ్డం పెట్టి, బయటి రింగు మీదే కొట్టు. ఆ అడ్డం రింగు తర్వాత బోరులో చిక్కుకోకుండా దాని వీపు ముందే గ్రైండర్‌తో కొంచెం తగ్గించి ఉంచుకో.

మొదట సర్క్లిప్ ఉన్న వైపు బేరింగు మెట్టుకి ఆనేదాకా దింపి, క్లిప్ వేయి. హౌసింగ్ తిప్పి, స్పేసర్ నిలబెట్టి, రెండో బేరింగు దింపు. ఇది మెట్టుకి ఆనేదాకా కాదు, దాని లోపలి రింగు స్పేసర్‌కి తగిలేదాకానే. బేరింగుల బోరులోంచి వేలు పెట్టి స్పేసర్‌ని నెట్టు. గట్టిగా నెడితే కొద్దిగా జరగాలి, కిందపడేంత వదులూ ఉండకూడదు, కదలనంత బిగుతూ ఉండకూడదు. ఆ ఒక్క వేలి పరీక్షతో పనంతా తెలిసిపోతుంది. అప్పుడే యాక్సిల్‌ని బేరింగుల్లోంచి దూర్చి స్పేసర్‌ని మధ్యకి తెచ్చి పెట్టుకోవాలి, హౌసింగ్ చల్లారాక జరపడం కష్టం.

సీళ్ల పెదవులకి గ్రీజు రాసి, అక్షరాలున్న ముఖం బయటికి ఉండేలా హౌసింగ్ అంచుకి సమంగా నొక్కు. యాక్సిల్ దూర్చేటప్పుడు మరలు, పళ్ల మీద ప్లాస్టిక్ టేపు ఒక చుట్టు చుట్టు. మీ కుడి సీలు పెదవి మడత పడటానికి కారణం అదే, పళ్ల మీంచి సీలు గీసుకుంటూ వెళ్లింది.

చివరకి నట్లు. మరలు పెట్రోలుతో తుడిచి ఆరాక థ్రెడ్ లాకర్ వేసి లోపలి నట్టు మాన్యువల్ టార్క్‌కి బిగించు, యాక్సిల్ తిప్పి చూడు. బిగించక ముందు ఎలా తిరిగిందో ఇప్పుడూ అలాగే తిరగాలి. బరువెక్కితే అక్కడే ఆగు, స్పేసర్ కొలత ఇంకా తప్పింది. బాగుంటే బయటి నట్టు బిగించి, దాన్ని కదలకుండా పట్టుకుని లోపలి నట్టుని వెనక్కి దాని మీదకి బిగించాలి. రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే లాక్. టార్క్ పానా మీ దగ్గర లేకపోతే లారీ షెడ్లలో ఉంటుంది. థ్రెడ్ లాకర్ పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది, ఆ రోజు తొట్టి తగిలించొద్దు.

గ్రీజుగన్ (బొబ్బిలి)

చక్కగా రాశారండీ. ఒక్క విషయం కలుపుతాను. ఇసకలో, నీళ్లలో తిరిగే బండికి 2ఆర్‌ఎస్ బేరింగు కంపెనీ నింపిన గ్రీజుతో సరిపెట్టడం నాకు నచ్చదు. ఆ బేరింగులో ఖాళీలో మూడో వంతు లోపే గ్రీజు ఉంటుంది. స్పేసర్ వైపు ఉన్న రబ్బరు మూత రెండింటికీ పీకేసి, స్పేసర్ చుట్టూ ఉన్న ఖాళీ అంతా గ్రీజుతో నింపితే నీళ్లు చేరడానికి చోటే ఉండదు. హౌసింగ్‌కి గ్రీజు నిపుల్ (గ్రీజు గన్ తగిలించే చిన్న మూతి) పెట్టించుకుంటే నెలకోసారి కొట్టుకోవచ్చు కూడా. వేగం తక్కువ బండి కాబట్టి గ్రీజు ఎక్కువై వేడెక్కుతుందన్న భయం లేదు.

గ్రీజు మాత్రం చాసిస్ గ్రీజు వేయకండి. చక్రాల బేరింగుకి వాడే ఏపీ3 లిథియం గ్రీజు కనీసం. పడవలకి వాడే నీటికి కరగని రకం దొరికితే ఇంకా మంచిది.

లేత్‌బెంచ్

లోపలి మూతలు తీసి నింపడానికి నాకూ అభ్యంతరం లేదు. అయితే రెండు షరతులు. బేరింగులో ఉన్న గ్రీజూ మీరు వేసే గ్రీజూ ఒకే జాతిది కావాలి. లిథియం మీద బెంటోన్ (బంకమట్టితో చేసే) రకం వేస్తే రెండూ కలిసి నీళ్లలా జారిపోతాయి. తెలియకపోతే బేరింగు పూర్తిగా కడిగి కొత్తది నింపండి. రెండోది, మూత తీసేటప్పుడు లోపలి రింగు వైపు నుంచి సన్నని సూదితో లేపాలి, బయటి రింగు వైపు గుచ్చితే గాడి గీతలు పడుతుంది.

నిపుల్‌కి మాత్రం నేను ఒప్పుకోను. గ్రీజు గన్ కొట్టే ఒత్తిడి చిన్నది కాదు. లోపలి గాలి, పాత గ్రీజు పోవడానికి దారి లేక సీలునే బయటికి తోస్తుంది. సీలు అర మిల్లీమీటరు పక్కకి జరిగినా ఇసకకి అదే గుమ్మం. పైగా నిపుల్ తల మీద అంటిన ఇసక తుడవకుండా కొడితే, ఇసకని మనమే లోపలికి ఎక్కించినట్టు. గ్రీజు మీద పెట్టే శ్రద్ధ సీలు మీద పెడితే చాలు.

గ్రీజుగన్

తుడవకుండా కొట్టే చేతులకి నిపుల్ ఇవ్వకూడదన్నది నిజమే. పెట్టించుకునేవాళ్లు హౌసింగ్‌కి ఎదురు వైపు ఒక చిన్న మర రంధ్రం కూడా వేయించండి. గ్రీజు కొట్టేటప్పుడు దాని బోల్టు తీసి ఉంచితే పాత గ్రీజు అందులోంచి వస్తుంది, సీలు మీద ఒత్తిడి ఉండదు. కొత్త గ్రీజు రంగు కనిపించగానే ఆపి బోల్టు వేసేయాలి. ఆ ఓపిక లేనివాళ్లకి లేత్‌బెంచ్ గారి మాటే మేలు.

ఉద్దానం_తోట

నిపుల్ పెట్టించం, మూతలు తీసి నింపుతాం. మిగిలింది యాక్సిల్ సంగతి. కుడి బేరింగు చోట అరిగిందని చెప్పాను కదా, మైక్రోమీటర్‌తో కొలిపిస్తే 34.93 వచ్చింది. అరగని చోట 34.99. వెల్డింగ్ పెట్టి లేత్ పట్టిస్తామంటున్నారు. చేయించొచ్చా? ఇంకో మాట, కుడి వైపే ఎందుకు ఎక్కువ అరుగుతోంది? ఆ వైపు చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్ పలక వేసి ఉంది, తొట్టి కొక్కెం కూడా కాస్త కుడికే ఉంది.

లేత్‌బెంచ్

వెల్డింగ్ వద్దు. యాక్సిల్ హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఉక్కు. ఒక చోట వెల్డింగ్ వేడి తగిలితే ఆ అంచున గట్టితనం మారుతుంది, యాక్సిల్ వంగుతుంది కూడా. తర్వాత బరువు మీద ఉండగా సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. వేగంలో వెనక చక్రం ఊడిపోతే మనిషికే ప్రమాదం.

నీకు అరిగింది వ్యాసంలో 0.06. ఈ మాత్రానికి బేరింగు రిటైనింగ్ కాంపౌండ్ (రింగు జారకుండా పట్టి ఉంచే జిగురు) సరిపోతుంది, లాక్‌టైట్ 641 లాంటిది. 0.1 లోపు ఖాళీకి పనికొస్తుంది. యాక్సిల్ మీద ఆ మెట్టు అంచుని సన్నని ఎమరీ కాగితంతో సాపు చేసి, పెట్రోలుతో తుడిచి, అరిగిన చోట పలచగా ఒక చుట్టు రాయి. బేరింగు బంతుల వైపు కారకూడదు, అందుకే బేరింగు బోరులో రాయకుండా యాక్సిల్ మీదే రాయాలి. ఈ పని చేసే ముందు యాక్సిల్‌ని లేత్ సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో తిప్పించు. వంగి ఉంటే ఇవన్నీ దండగ, కొత్త యాక్సిలే వేయాలి. చైను ఒకచోట బిగుతు, ఒకచోట వదులు అన్నావు. అది ఆడుతున్న బేరింగు వల్ల కావచ్చు, యాక్సిల్ వంపు వల్ల కూడా కావచ్చు.

ఇక కుడి వైపు ఎందుకంటే, నువ్వే జవాబు రాసేశావు. ఈ రకం బండిలో రెండు బేరింగులూ మధ్యలో దగ్గర దగ్గరగా ఉంటాయి, చక్రాలు దూరంగా ఉంటాయి. గునపంతో బండ ఎత్తినట్టే లెక్క. రెండు బేరింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు, దగ్గరి బేరింగు నుంచి చక్రం 400 అనుకుందాం. ఒక్క చక్రం గుంతలో పడి 100 కిలోల దెబ్బ తగిలితే దగ్గరి బేరింగు మీద 500 కిలోలు పడుతుంది, దూరం బేరింగు మీద 400 కిలోలు ఎదురు దిశలో పడుతుంది. 6007 కదలకుండా ఉన్నప్పుడు గాడిలో గుంట పడకుండా తట్టుకునే బరువు దాదాపు 1,000 కిలోలు. అంటే ఒక్క చక్రం మీద 200 కిలోల కుదుపు తగిలితే హద్దు దగ్గరకి వచ్చేసినట్టే. చక్రం స్పేసర్ పలకతో ఆ 400 కాస్తా 450 అయితే దెబ్బ 500 నుంచి 550 కిలోలకి పెరుగుతుంది. ఆ పలక తీసేయి.

కొక్కెం యాక్సిల్ మధ్యకి జరుపు. తొట్టిలో బరువు తొట్టి చక్రాల మీదకి సర్దు, కాయలన్నీ ముందుకి పోస్తే ఆ బరువంతా కొక్కెం మీద పడుతుంది. తొక్కతో ఉన్న కాయ కిలో పైనే తూగుతుంది కాబట్టి 150 కాయలేస్తే రెండు క్వింటాళ్లకి అటూ ఇటూ. కొక్కెం మీద చేత్తో లేపగలిగినంత బరువే ఉండాలి.

నాగావళి_గట్టు

కడగడం గురించి కూడా రాయాలి, సగం సీళ్లు అక్కడే పోతాయి. బండి తిరిగి రాగానే హౌసింగ్ వెచ్చగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. ఆ వేడి మీద చల్లటి నీళ్లలో దింపినా, పైపుతో కొట్టినా లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు పెదవి పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. పావుగంట ఆగి కడగండి. ప్రెజర్ వాషర్ మూతి ఎప్పుడూ సీలు వైపు పెట్టొద్దు. బారువ, కళింగపట్నం లాంటి తీరాల్లో ఉప్పునీటి తడి ఇసక మీద తిప్పితే మాత్రం ఆ రోజే మంచినీళ్లతో, మామూలు ధారతో కడిగి, చైనుకి నూనె వేసి పెట్టాలి. ఉప్పు రాత్రంతా ఉంటే సీలు పెదవి కింద యాక్సిల్‌కి తుప్పు గీత పడుతుంది. ఆ గరుకు కొత్త సీలుని కూడా కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

బిగించాక మొదటి పది, పదిహేను కిలోమీటర్లకి ఆగి హౌసింగ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి నిలవనంత వేడైతే వెంటనే ఆపి నట్లు, స్పేసర్ చూసుకోవాలి. హబ్ నట్లు, హౌసింగ్ బోల్టులు అప్పుడే ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి బిగించి చూడండి. హౌసింగ్ బోల్టులు వదులైతే చైను తనంతట తనే వదులవుతుంది. చాలామంది చైను సాగిందనుకుని దాన్నే బిగిస్తుంటారు.

ఉద్దానం_తోట

యాక్సిల్ లేత్ మీద తిప్పించాం, వంపు లేదు. స్పేసర్ 92.1కి చేయించాం. వేలితో గట్టిగా నెడితే కొద్దిగా జరుగుతోంది. నట్లు బిగించాక కూడా యాక్సిల్ అంతే తేలిగ్గా తిరుగుతోంది. చక్రం పలక తీసేశాం. రేపు సాయంత్రం దాకా బండి కదపం.

లేత్‌బెంచ్

మంచిది తమ్ముడూ. క్యాలిపర్ ఎక్కించే ముందు డిస్క్ మీద గ్రీజు వేలిముద్రలు లేకుండా పెట్రోలు గుడ్డతో రెండు వైపులా తుడువు. ప్యాడ్లకి గ్రీజు అంటి ఉంటే అవి మార్చేయి, కడిగినా పట్టు రాదు. పాత స్పేసర్ మీద కొత్త కొలత పెయింటుతో రాసి షెడ్డులో ఉంచు, మరోసారి ఎవరు విప్పినా ఎంత ఉండాలో తెలుస్తుంది.